నాలుగో రీలు

నిద్ర పట్టనీకుండా చేసే సినిమా ఒకటి చెప్పన్నా
అని అడిగినావు ఎస్తేరమ్మా,
చిత్తూరు పెద్దాసుపత్రిలో, రాత్రి రెండున్నరకి,
ఫ్లాస్కులో టీ అడుగంటినాక.
దెయ్యాలొద్దు, నెత్తురొద్దు,
నెత్తురు నాకు సోపు వాసన మాదిరి అయిపోయింది అన్నావు.

ఇప్పుడు గేటుకాడ వాచ్‌మన్ని గానీ
ఒకప్పుడు బెల్లం మండీ సంఘం మేడమీద
నెలకొక ఆదివారం ప్రొజెక్టరు తిప్పినోణ్ణి.
మద్రాసు డబ్బాలు కాట్పాడిలో దిగేవి.
బస్సు టాపు మీద, టమోటా గంపల నడుమ,
బాలింత బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకొని వచ్చేవాణ్ణి.
చూసేది పదకొండు మంది. వానొస్తే ఏడు.

సరే, చెప్తా. పేర్లడగొద్దు.
అవి నా నోట తిరగవు.
డబ్బా మీద సుద్దముక్కతో నేను గీసుకున్న గుర్తులే నాకు తెలుసు.

సిరాబుడ్డి గీసుకున్నదొకటి.
ఎక్కడో మంచు కురిసే ఊరు. నలుపూ తెలుపూ.
బడిపంతులు చేత జాబితా రాయిస్తారు,
తెల్లారితే లారీ ఎక్కించాల్సినోళ్ళ పేర్లు.
ఒక్క దెబ్బ కనపడదు, ఒక్క కేక వినపడదు.
కాయితం మీద పాళీ గీరుకునే చప్పుడు.
ఎంత ముద్దుగా ఉంటుందో ఆయన దస్తూరి!
తన దగ్గర చదువుకున్న పిల్లోడి పేరు కాడికొచ్చి ఆగుతాడు.
హమ్మయ్య అనుకుంటాం.
పాళీ విరిగింది, అంతే. ఇంకోటి మార్చి రాస్తాడు.

తాలూకాఫీసు గుమాస్తా దొరస్వామి సగంలో లేచిపోయినాడు.
మర్నాడు పొద్దున్నే వచ్చి
తలుపేసి నాకొక్కడికే మిగతాది వెయ్యి అన్నాడు.
వేసినా.
ఆయన ఏ జాబితా రాసినాడో నేనడగలా.

ఇంకోటి రంగులది. దాన్ని నీకు చెప్పను.
నీకు నాలుగేళ్ళ పాప ఉండాది.
చెప్పనంటే చెప్పను.

మూడోది మన పక్కదే, అరవమో కన్నడమో, మాటలు తక్కువ.
ఒకడు తెల్లారి ఇంట్లోంచి పోతాడు, చీకటి పడినాక తిరిగొస్తాడు.
పెండ్లాం వాడి చేతులకేసి చూసి
నీళ్ళచెంబు అందించకుండా నేలమీద పెడుతుంది.
నడుమ జరిగిందంతా నాలుగో రీలు.
ఆ డబ్బా కాట్పాడిలో దిగలేదు.

లైట్లు వేసినా. పదకొండు నిమిషాలు ఆగినా,
న్యాయంగా, ఆ రీలు ఎంతసేపు ఆడాలో అంతసేపు.
ఒక్కరూ బీడీకి కూడా లేవలా.
తెల్లగోడ మీద ఎవరి రీలు వాళ్ళు ఆడించుకున్నారు.
మెట్లు దిగతా, తూకం వేసే కుప్పస్వామి అన్నాడు:
ఆ పిల్లను బాయిలో తోసింటాడప్పా.
సినిమాలో పిల్లే లేదు. బాయీ లేదు.

ముప్పై ఏండ్లకు పైన ఆ రీలు నా తలకాయలో తిరిగింది.
ఎండాకాలం రాత్రుళ్ళు ఎక్కువ.
ఒకసారి వాడి చేతిలో కొడవలి, ఒకసారి కిరసనాయిలు డబ్బా.
ఒక్కోసారి వాడి మొగం నా మొగం.

మొన్న నువ్వు సెలైను మార్చను పోయినప్పుడు
నీ ఫోన్లోనే మొత్తం దొరికింది.
వాడు దారిపక్కన కూచొని
ఎవరిదో సైకిలుకి పంచరు వేస్తాడు.
ట్యూబు నీళ్ళతట్టలో ముంచుతాడు, బుడగలొస్తాయి,
రబ్బరు గీకి అతికిస్తాడు, డబ్బులొద్దంటాడు.
అంతే తల్లీ.
ఆ చేతులకున్నది నల్లమడ్డి.

మరి ఆ కొడవలి ఎవరిది?

అంబులెన్సు వస్తా ఉండాది, గేటు తియ్యాల.
నువ్వు చూడాల్సింది అదే,
నేను చెప్పిందంతా మర్చిపోయి చూడు.
మర్చిపోలేకపోతే
మూడో రీలు అయినాక ఫోను బోర్లా పెట్టి
పదకొండు నిమిషాలు ఆ వార్డు గోడను చూస్తా కూచో.
పొద్దున డ్యూటీ దిగేటప్పుడు చెప్పు, ఏం కనపడిందో.
చెప్పకపోయినా ఏం కాదులే.
దొరస్వామి కూడా చెప్పలా.