రెండే రెండు నిమిషాలు

మసేరు నుంచి తొమ్మిది గంటలు బస్సు,
రోడ్డు చచ్చిపోయిన చోటునుంచి గుర్రం.
జీను సంచిలో చుట్టిన పన్నెండు చార్టులు,
‘ఒత్తిడిని జయిద్దాం’ అని నేనే రాసిన అట్ట.
ఆగస్టు. పీచ్ కొమ్మలు పూశాయి,
ఆ పూలమీదే మంచు కురిసింది.
లెసోతో కొండలకి ఋతువులంటే మొహమాటం లేదు.

బడిలో హెడ్డుతో కలిపి ఐదుగురు, తరగతులు ఏడు.
లెక్క కుదరడం లేదే అన్నాను.
హెడ్ మిస్ట్రెస్ మోత్లలెపులా నవ్వలేదు.
“లెక్క కుదరదు. మేమే సర్దుకుంటాం.”
ఆమె మెడలో తాడుకి పదకొండు తాళంచెవులు.
ఒకటి ఏ తలుపుదో ఆమెకీ గుర్తులేదట,
పారేయడానికి మాత్రం చెయ్యి రాలేదట.

పిల్లలు వెళ్ళాక
పిల్లల బెంచీల్లోనే మోకాళ్ళు ముడుచుకుని
దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు.
మువెకెత్సి:
ఒకే బోర్డుకి నిలువునా గీత గీసి
ఎడమవైపు మూడో తరగతినీ కుడివైపు నాలుగునీ
పొద్దుటినుంచీ లాక్కొచ్చినవాడు.
తెబెల్లో గొంతు పోయి నాలుగు రోజులు.
ఇనపముక్క ఒకసారి మోగితే కూర్చోవాలి,
రెండుసార్లయితే రాయాలి.
న్థాతిసికి ఇంట్లో ఆరునెలల బిడ్డ,
సంచిలో దిద్దని నలభై పుస్తకాలు.
గొర్రెల వెంట పోయిన పిల్లాడి కోసం
సెకాకె ఈ వారం రెండుసార్లు వాగు దాటాడు.
వాడు వచ్చాడు. సగం పూట ఉన్నాడు.

మొదటి చార్టు విప్పాను: ఊపిరి.
“ఊపిరి సలపడం లేదండీ” అన్నాడు సెకాకె.
“అందుకే దాంతోనే మొదలుపెడదాం” అన్నాను.
ప్రతి ఊళ్ళో ఈ మాటకి నవ్వుతారు.
ఇక్కడ బుద్ధిగా కళ్ళు మూసుకున్నారు.
“రెండే రెండు నిమిషాలు. లోపలికి... బయటికి...”

ముందు న్థాతిసి మెడ
గింజల బస్తాలా పక్కకి ఒరిగింది.
తర్వాత మువెకెత్సి, వేళ్ళ మధ్య సుద్దముక్క అలాగే ఉంది.
సెకాకె ఎప్పుడు జారుకున్నాడో చూడలేదు.
పాఠానికి రాని తెబెల్లో గొంతు
గురకకి వచ్చింది.

ఇంకా పదకొండు చార్టులు.
చప్పట్లు కొట్టి లేపుదామని చేతులెత్తాను.
మోత్లలెపులా పెదాలమీద వేలు పెట్టింది.
చప్పుడు కాకుండా తాళంచెవుల్ని గుప్పిట్లో బిగించి
నన్ను బయటికి నడిపించి తలుపు దగ్గరగా వేసింది.

గుర్రం మీద ఎవరో పెద్దమనిషి,
ఇంటి రేకు మీద పడిన రాయి సంగతి తేల్చాలని.
“ట్రైనింగు జరుగుతోంది,
మధ్యలో ఆపితే మళ్ళీ మొదటినుంచి చెప్పాలి”
గుసగుసగా అంది. ఆయన కూడా గుసగుసగానే
గుర్రాన్ని వెనక్కి తిప్పాడు.

నేనూ ఒకప్పుడు టీచర్నే.
ఒక సోమవారం బడి గేటు దాకా వెళ్ళి
గేటు తియ్యలేక వెనక్కి వచ్చేశాను.
ప్రతి శిక్షణలోనూ చెబుతాను ఆ కథ,
ఎవరో స్నేహితురాలికి జరిగినట్టు.
ఆ మధ్యాహ్నం గోడ పక్కన మొదటిసారి
‘నేను’ అని చెప్పాను.
ఆమె ఏమీ అనలేదు. నా చెయ్యి చాచాను.
కాసేపు చూసి
మెడలోంచి తాడు తీసి ఇచ్చింది.

రాతి అరుగు మీద కూర్చుంది. నిద్ర రాలేదు.
ఊరికే కూర్చోవడం అలవాటు లేక
చేతులు ఒళ్ళో పెట్టుకుంది, తీసింది,
మళ్ళీ పెట్టుకుంది.
చూరునుంచి మంచు కరిగి చుక్కలు పడుతున్నాయి,
వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో వదిలేసింది.

రెండు నిమిషాలు గంటన్నర అయింది.
రిపోర్టులో ‘చర్చించిన అంశాలు’ ఖాళీగా వదిలేశాను.
‘హాజరు’ దగ్గర ఐదు అని రాసి
కొట్టేసి, ఆరు చేశాను.

చార్టులు చుట్టుకుంటుంటే
చెంపమీద బెంచీ అచ్చుతో మువెకెత్సి వచ్చి
ఒకదాన్ని తిరగేసి చూశాడు:
“వెనకంతా తెల్లగానే ఉందిగా,
ఇక్కడ వదిలేస్తారా? భిన్నాలకి పనికొస్తాయి.”