పుర్రచేతి వాటం

ఆచావ్ రేవులో దిగేసరికి వాన.
చిలోయె దీవుల్లో వాన వార్త కాదు,
రేడియోలో దాని ఊసే ఎత్తరు.

స్టేషనంటే ఒకటే గది.
కట్టెల పొయ్యి పక్కనే పాత కంప్యూటరు.
పందొమ్మిదేళ్లు పొగ తాగి
తెల్లటి డబ్బా టీ రంగుకు తిరిగింది.
మీటల మీద అక్షరాలన్నీ అరిగిపోయాయి,
డబ్ల్యూ ఒక్కటి కొన్ననాటి నిగనిగతో ఉంది.
స్పానిష్‌లో దానికి పనెక్కడ?

ఎలియేసెర్ బర్రీయా కుర్చీ నాకు జరిపాడు.
"అన్నీ వెళ్లాలమ్మా."
"అన్నీ అంటే?"
"అన్నీ అంటే అన్నీ."

మూరెడు తీగ తగిలించాను.
తెర మీద: ఇంకా నాలుగు నిమిషాలు.
కాసేపటికి: ఇంకా రెండు గంటలు.
మళ్లీ: ఒక్క నిమిషం.
పడవ ఎప్పుడొస్తుందని రేవులో అడిగితే
అచ్చం ఇలాగే చెబుతారు.

ఫోను అందని దీవులకు
రోజూ ఒంటిగంటకు చదివిన కబుర్లు
ఒక్కొక్కటే దాటుతున్నాయి.
చదవకూడదు. చదివాను.

అపియావ్‌లో ఒర్తెన్సియా గారికి:
మీ ఆయనకు ఆపరేషనయింది, ఆకలంటున్నాడు.

కెనాక్‌లో గుమెర్సిందో గారికి:
గురువారం గుర్రాన్ని రేవుకు తోలండి,
మనిషి వస్తున్నాడు, కుట్టుమిషను కూడా.

అలావ్‌లో అక్కకు:
ఏమీ లేదు, బాగున్నాం, ఊరికే.

ఆ 'ఊరికే' దగ్గర గీత కదలకుండా ఆగింది.
చచ్చిందేమో అనుకున్నా.
లేదు, నడిచింది.

పాత ఫైళ్లలో అక్షరం సైజు పన్నెండు,
నడిమివాటిలో పదహారు,
మొన్నటిదాంట్లో ఇరవై రెండు.
ఆయన కళ్ల సంగతి నేనడగలేదు.
గడియారం నాలుగు నిమిషాలు ముందుంది.
దిద్దబోతే చెయ్యి అడ్డం పెట్టాడు,
"పడవ తప్పిపోయేవాళ్ల కోసం, ఉండనీ."

మౌస్ దగ్గర నా వేలు తడబడింది.
ఎడమది నొక్కితే కుడిది పలుకుతోంది.
పుర్రచేతివాళ్లకు మార్చిపెట్టి ఉంది.
చూస్తే ఆయన మాతే గిన్నె పట్టింది కుడిచేత్తో,
పొయ్యిలో కట్టె ఎగదోసింది కుడిచేత్తో,
నా రసీదు మీద సంతకమూ కుడిచేత్తోనే.

"ఇది మీ వాటం కాదే?"
"దోరీలాది."

ఆయనకు ముందు కబుర్లు చదివింది దోరీలా కార్కమో.
చిన్నప్పుడు బడిలో సిస్టర్లు
ఆమె ఎడమచేతిని బల్లకు కట్టేసేవారట.
ఈ డబ్బా వచ్చిన రోజున
ఏ చెయ్యి నీది అని తనని అడిగిన మొదటి వస్తువు
ఇదేనని తెగ నవ్విందట.

పదకొండేళ్ల కిందటి ఆగస్టులో
ఆమె కబురు ఆయనే చదివాడు.
ఏ దీవికని రాయాలో తెలియక
అన్ని దీవులకూ అని చదివాడు.
మర్నాడు ఈ కుర్చీలో కూర్చున్నాడు.
మొదటివారం తప్పు వేలు నొక్కి
రెండు పెళ్లిపిలుపులు చెరిపేశాడట.

"మార్చుకోలేకపోయారా?"
"ఎలా మార్చాలో తెలియదు."
కట్టె చిటపటలాడింది.
"తెలుసు" అన్నాడు.

దొంగతనమంటే అనండి,
ఆమె చేతివాటం అలా ఆయనకు అబ్బింది.

కొత్తదాంట్లోకి అన్నీ వచ్చాయి, అదొక్కటి తప్ప.
తీగకు అది అక్కర్లేని సరుకనిపించిందో ఏమో.
నేనే వెతికి పట్టుకున్నాను,
మూడు మెట్లు లోపల చిన్న గడి.
టిక్కు పెట్టాను.
ఆయన కుడిచెయ్యి మౌస్ మీద వేసి
చూపుడువేలు పైకెత్తి, మధ్యవేలితో నొక్కాడు.
తెరుచుకుంది.
"ఆ, ఇదే."

పాతదాన్ని తుడిచేయనా అని అడగాల్సింది.
అడక్కుండానే సంచి సర్దుకున్నాను.

రేవులో తాడు అప్పటికే విప్పి ఉంది,
పడవ మాత్రం కదల్లేదు.
డ్రైవరు తల పక్కన, తడిసిన రేడియోలో
దగ్గొకటి వినిపించింది, తర్వాత ఆయన గొంతు:

ఆచావ్ రేవులో పడవవాళ్లకు:
కంప్యూటర్ అమ్మాయి పరిగెత్తి వస్తోంది,
గొడుగు ఇక్కడే మరిచిపోయింది,
కాస్త ఆగండి.

డ్రైవరు నన్ను చూసి పక్కకు జరిగాడు.
టైము పన్నెండు యాభై ఆరు.