నాలుగు మార్కుల ప్రశ్న

ఏటుకూరు రోడ్డు, మునిసిపల్ హైస్కూలు.
ఫిబ్రవరి ఎండ, నాలుగో పీరియడు.
మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగితే
పదో తరగతి మొత్తం ఒకేసారి తుమ్ముతుంది.
బోర్డు మీద రాశాను:
'ప్రపంచ యుద్ధానికి దారితీసిన కారణాలేవి?'
ఒడంబడికలు, సరిహద్దులు, ఆయుధాల పోటీ,
పిల్లలు తల ఎత్తకుండా దించుకుంటున్నారు.
లోకం తగలబడిన సంగతి
మార్జిను కొట్టిన కాగితంలో అరపేజీకి సరిపోయింది.

చివరి బెంచీలో బాజీ లేచాడు.
'ఇద్దరు కొట్టుకుంటే
మిగతావాళ్లెందుకు టీచర్ మధ్యలో?'

జామీను సంతకం లాంటిదిరా, అన్నాను.
వట్టిచెరుకూరు నుంచి బస్సెక్కి వచ్చే పిల్లలకి
ఆ మాటకి అర్థం చెప్పక్కర్లేదు.
పురుగుమందుల కొట్లో ఒకడు అప్పు పడతాడు,
తోడల్లుడు హామీ ఉంటాడు,
తోడల్లుడికి వాళ్ల బావమరిది.
మొదటివాడి పత్తిలో గులాబీ పురుగు దిగిన ఏడు
మూడూళ్ల అవతల ఎవడి గేదెనో విప్పుకుపోతారు.

'మరి మనం ఎవరికి సంతకం పెట్టాం?'
బాజీ ఇంకా కూర్చోలేదు.

మనం పెట్టలేదు.
మన వేలు పట్టుకుని ఇంకెవరో ముద్ర వేశారు,
అనేలోపు బెల్లు కొట్టారు.

మిగతాది స్టాఫ్ రూములో, చల్లారిన టీ ముందు,
నాకు నేనే చెప్పుకున్నాను.

మీరూ యుద్ధంలో ఉన్నారని
దొర గొంతు రేడియోలో చెప్పిన సాయంత్రం
మా అమ్మమ్మ రాహేలమ్మ గోడౌన్లో పొగాకు ఏరుతోంది.
పన్నెండేళ్లు. రోజుకి మూడణాలు.
నిమ్మపండు రంగుది ఒక కుప్ప,
కమలా రంగుది ఒక కుప్ప, మచ్చాకు వేరే.
శత్రువు ఏ కుప్పలోకి వస్తాడో
మేస్త్రీ చెప్పలేదు.

ఆమె కట్టిన కట్టలు ఓడలెక్కాయి.
ఏ గుంటలో ఏ కుర్రాడి పెదవి మీద వెలిగాయో,
వాణ్ని చంపినవాడు జేబులు తడిమి
మిగిలినవి కాల్చుకున్నాడేమో.
ఆకు ఎవరి పక్షమూ కాదు.
చేతుల చేదు మాత్రం ఇంటిదాకా వచ్చి
అన్నంలో కలిసేది.

అన్నం మాత్రం ఎన్నాళ్లు?
రంగం బియ్యం ఆగిపోయాయి.
కిరసనాయిలు సీసాకి గీతలు గీసుకున్నారు.
కాకినాడలో బాంబు పడిందన్న వారం
బెజవాడ స్టేషన్లో కాలు పెట్టను చోటు లేదట.
పరుపుచుట్టలు, కోళ్లగంపలు,
ఒకామె ఒళ్లో కుట్టుమిషను.
ఆ జనమంతా దిగుతుంటే, పక్క పట్టాల మీద
పటాలం బండి ఎదురు పోతోంది.
అందులో అమ్మమ్మ వాళ్ల అన్న జక్రయ్య.

దేశం కోసం కాదు, రాజు కోసం అసలే కాదు.
నెల జీతం, రెండు జతల బట్టలు, బూట్లు.
బూట్ల కోసమే, అనేది అమ్మమ్మ.
వాళ్లు చెప్పులేసుకుని నడిస్తే
తన్నే వీధులు ఊళ్లో రెండున్నాయి.

ఒక్క ఉత్తరం వచ్చింది.
'నేను క్షేమము. మేమిప్పుడు' అని,
ఆ తర్వాతి మాట మీద నల్లసిరా.
కింద: 'వానలు మెండు. బూట్లు నాని ఉబ్బినవి.'
లాంతరుకి పట్టి చూశారట ఇంటిల్లిపాదీ.
సిరా వెనక ఏమీ కనపడలేదు.
మళ్లీ రాలేదు, ఉత్తరమూ, మనిషీ.
ఎక్కడ పోయాడని ఎవరడిగినా అమ్మమ్మ
'నల్లసిరాలో' అనేది,
రైలు ఆగే ఊరి పేరు చెప్పినట్టు.

యుద్ధం ముగిసిందని ఆమెకి తూకంలో తెలిసింది.
గెలిచామని మిఠాయి పంచారు.
ఆ ఏడు ఆకు కొనే నాథుడు లేడు,
గోడౌను తలుపు ఒక రెక్కే తీశారు.
ఇంటికి పొమ్మన్న వాళ్లలో ఆమె ఒకతి.
అన్నం మళ్లీ తియ్యగా అయింది,
వండుకున్న రోజుల్లో.

వారం తర్వాత పేపర్లు దిద్దుతున్నాను.
బాజీ మూడు కారణాలు రాశాడు, బానే ఉన్నాయి.
పక్కన అడక్కుండానే గేదె బొమ్మ, పలుపుతో సహా.
నాలుగోది ఏదో మొదలుపెట్టి
అక్షరం ఆనకుండా కొట్టేశాడు.

ఎర్రపెన్ను పక్కన పెట్టి
కాగితాన్ని ట్యూబులైటుకి ఎత్తి చూశాను.