వీడు

మూడు నెలలన్నారు, ఐదయింది.
ఇరుసుల్లో పగుళ్ళు కనిపెట్టే చదువు,
పెరంబూరు వర్క్‌షాపులో.
వాల్తేరు నుంచి నన్నొక్కదాన్నే పంపితే
స్టూడియో షట్టరు దించి, తాళంచెవి జేబులో వేసుకుని
గవరయ్య కూడా రైలెక్కాడు.
"ఫొటోలు దిగేవాళ్ళెవరున్నారిప్పుడు" అన్నాడు.
అంతే అన్నాడు.

అయనావరంలో మేడ మీద ఒక గది.
తలుపు తీస్తే మంచం తగులుతుంది,
మంచం జరిపితే స్టవ్వు.
ఇంటావిడ మరగతమ్మ అడ్వాన్సు రెండుసార్లు లెక్కపెట్టి
గోడకి మేకు కొట్టకూడదంది,
చేపలు మాత్రం వండుకోవచ్చంది.
అందుకని కాలెండరు కిటికీ ఊచకి వేలాడుతోంది.
ఫ్యాను వేస్తే
నెలలు వాటంతటవే తిరిగిపోతాయి.

తెల్లారి నాలుగున్నరకి నీళ్ళ లారీ.
ఆకుపచ్చ బిందె, నారింజ బిందె పట్టుకుని
ఆడవాళ్ళ వరసలో ఒక్క మగాడు.
మొదట్లో నవ్వారట.
ఇప్పుడు ఇతను ఆలస్యమైతే
బిందెలు వాళ్ళే ముందుకి జరుపుతున్నారు.
ఆ వరసలోనే నేర్చుకున్నాడు తమిళం:
చాలు, నా వెనకాల ఎవరు, మీ వాడికి జ్వరం తగ్గిందా.
బిందెలు దించగానే
ఏ రోజు మాట ఆ రోజు నాకు అప్పజెబుతాడు.
అరటిపండు అనే మాటకి మాత్రం
నాలుక మడత పడదు,
గెల వైపు వేలు చూపిస్తాడు.

బస్సులో కండక్టరు "తల్లి పో" అంటే
తల్లీ అన్నాడని మురిసిపోయాను.
పక్కకి జరగమనట.

పగలంతా నేను
ఇరుసు మీద జిగురు రాసి, యంత్రం ముక్కు ఆనించి
తెర మీద గీతకేసి చూస్తుంటాను.
గీత ఉలిక్కిపడితే
లోపలెక్కడో వెంట్రుకవాసి చీలిక.
పైకి మెరుస్తూనే ఉంటాయి అన్నీ.

పంతొమ్మిదేళ్ళు నాకు రాత్రి డ్యూటీలు, అతనికి పెళ్ళిళ్ళ సీజన్లు.
ఒకరి అన్నం మీద ఒకరం
మూత పెట్టుకుంటూ బతికాం.
ఇక్కడ ఎదురెదురుగా కూర్చుని తినాల్సొచ్చేసరికి
ఏం మాట్లాడాలో తెలియక
మొదటి వారమంతా ఉప్పు గురించే మాట్లాడుకున్నాం.

కత్తిరి ఎండలొచ్చాయి.
గది పెనమైంది.
తడి దుప్పటి పరుచుకుని డాబా మీద పడుకున్నాం,
గిన్నెలో తాటి ముంజలు.
ఎక్కడో షంటింగు చప్పుడు.
"షాపు ఖాళీ చేసేశాను," అన్నాడు ఆకాశంతో,
"మనం బయల్దేరకముందే.
ఈ తాళంచెవి దేనికీ పట్టదు."
ఐదు నెలలుగా ప్రతి చొక్కా ఉతికే ముందు
జేబులోంచి తీసి కిటికీలో పెట్టింది నేనే.
ఎన్నిసార్లు తాకానో దాన్ని.
ఏమీ అనలేదు.
ముంజ తొక్క వొలిచి ఇచ్చాను, నీళ్ళు కారిపోకుండా.
సగం కొరికి
సగం నాకిచ్చాడు.

మర్నాటి మాట: వీడు.
ఇక్కడ ఇంటిని వీడు అంటారట.
లేదు అనడానికి ఇల్లై అంటారట.
ఇదేం ఊరే, అని నవ్వాడు,
చాలా రోజులకి పళ్ళు కనిపించేలా.

నిన్న మరగతమ్మ మెట్ల మీద ఆపి అడిగింది,
మీ ఊళ్ళో మీకు సొంత వీడు ఉందా అని.
ఉన్నది రైల్వే క్వార్టర్సు.
ఇల్లై అనాలి.
నోట్లో ఇల్లు అనే మాట అడ్డం పడింది.
ఈలోగా కింద మలుపులో గవరయ్య,
రెండు బిందెలు, ఎగశ్వాస,
లుంగీ మోకాళ్ళ దాకా తడిసి.
మొగుణ్ణి వీడు అనరు మా వైపు,
అంటే మా అత్త ఊరుకోదు.
నా వేలు మాత్రం అటే చూపించింది.

మరగతమ్మకి ఏమీ అర్థం కాలేదు.
చూస్తూ నిలబడ్డావేం,
ఒక బిందె అందుకో అంది.