పలక మీద మాత్ర

మార్కాపురం పెద్దాసుపత్రి, మూడో నంబరు కిటికీ.
జనానికి నా చెయ్యి మాత్రమే కనిపిస్తుంది.
చీటీ లోపలికి, మాత్రలు బయటికి.
"పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిన్నాక."
ఇరవై రెండేళ్లుగా ఇదే వాక్యం.
ఎవరు ఏం తిన్నారో నేనెప్పుడూ అడగలేదు.

కాశింపీరా నలభయ్యేళ్లు పలకలు కోసినవాడు.
రంపం కింద రాయి అరుస్తుంటే
ఆ బూడిదరంగు దుమ్మంతా ఊపిరిగా పీల్చినవాడు.
మా పిల్లలు అ ఆలు దిద్దిన పలకల్లో
సగం అతని దగ్గులోంచి వచ్చినవే.

ఆ రోజు వరస తప్పించుకుని కిటికీ దగ్గరికొచ్చాడు.
వారం కిందట నేనిచ్చిన షీటులో
ఇంకా నాలుగు మాత్రలు మిగిలున్నాయి.
"ఏందమ్మా ఇది" అంటూ ఒకటి వేళ్ల మధ్య నలిపాడు.
ఎండకు పెళుసెక్కిన సున్నం పెళ్లలా
చప్పుడు లేకుండా రాలిపోయింది.
రెండోదాన్ని, జేబులోంచి తీసిన పలక ముక్క మీద గీశాడు.
తెల్లటి గీత, వంకర లేకుండా.
"బలపం నాకు తెలీదా తల్లీ.
మందైతే జ్వరం దిగాల గదా."

వెనక అరవై మంది.
ఎవరి చంకలోనో బిడ్డ ఏడుపు.
కరెంటు పోయి గంట.
"మాత్రన్నాక రాయదా? మింగు పెద్దాయనా, ఏం కాదు" అన్నాను.
విసుగ్గానే అన్నాను.
ఈ చోట ఆ మాట మార్చి రాసుకోవాలని
చాలాసార్లు చూశాను.

మర్నాడు ఇన్‌స్పెక్టరు వస్తే
అదే బ్యాచి నుంచి రెండు షీట్లు కవర్లో పెట్టి
లక్క ముద్ర వేయించి ల్యాబుకి పంపాను.
రిపోర్టు వచ్చేదాకా ఆపమని ఎవరూ అనలేదు.
ఆపితే చేతిలో పెట్టడానికి ఇంకోటి లేదు.

శ్రావణంలో బ్యాచి అయిపోయింది.
భాద్రపదంలో కాశింపీరాను మూల మంచం మీదికి తెచ్చారు.
సిలిండరు ఒకటి, మనుషులు ఇద్దరు.
గంటకోసారి గొట్టం మంచం మారేది.
గొట్టం పక్క మంచానికి పోయిన గంటల్లో
హుసేన్‌బీ ఎక్స్‌రే కవరుతో విసురుతూ కూచుంది.
ఒక గంట మధ్యలో విసరడం ఆపేసింది.

మాఘంలో రిపోర్టొచ్చింది.
నాణ్యతా ప్రమాణాలకు తగినట్లు లేదు.
మిగిలిన నిల్వలను వెంటనే వాపసు చేయవలెను.
నిల్వ: సున్నా అని రాసి సంతకం పెట్టాను.
ఆ సున్నా చుట్టూ పెన్ను రెండుసార్లు తిరిగింది.

అతను మర్చిపోయిన పలక ముక్క సొరుగులోనే ఉంది.
కొత్త పెట్టె విప్పినప్పుడల్లా
తలుపు దగ్గరికేసి ఒక మాత్రను దానిమీద గీస్తాను.
మంచిదీ రాస్తుంది, చెడ్డదీ రాస్తుంది.
పలకకు తేడా తెలియదు,
నాకూ తెలియదు.
తడిచేత్తో గీత చెరిపి కిటికీ తెరుస్తాను.
"పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిన్నాక.
తగ్గకపోతే
వరస తప్పించుకునైనా సరే, నాకొచ్చి చెప్పు."