ఇత్తడి బిళ్ళ

రుషికొండ మీద మూడో అంతస్తులో
ఏసీ చలికి చున్నీ చెవులకు చుట్టుకుని
లేని యంత్రానికి మీటలు గీస్తున్నాను.

లేనిదంటే బొత్తిగా లేనిదని కాదు.
లోపల బతికే యంత్రం దాన్ని నమ్ముతుంది.
తన గుమ్మం దగ్గర గంట కొట్టేవాడొకడు
రాత్రీ పగలూ నిలబడి ఉన్నాడనుకుంటుంది.
ఆ నమ్మకానికి జీతగాణ్ణి నేను.

మొదట్లో తెలివితక్కువ పనే చేశాను.
టైమరుకొక పిలుపు, గంటల పెట్టెకొక పిలుపు,
కొత్త ప్రాసెసరు వచ్చిందంటే మళ్ళీ ఇంకొకటి.
కెర్నెల్ గుమ్మం పూర్ణా మార్కెట్ సందైపోయింది.
ఎవరి కొట్టు వాళ్ళు ఓ జానెడు ముందుకు జరుపుకుంటే
నడిచే దారి మిగల్లేదు.

"ఇంకెన్ని నంబర్లు తినేస్తావు తల్లీ?"
వేరుశనగ పొట్టు కీబోర్డు మీద రాలుస్తూ భానోజీ.
ఒళ్ళు మండింది.
వాడన్నది నిజం కాబట్టి ఇంకాస్త మండింది.

తెల్లారగట్ల క్యాబు వాణ్ణి ఇంటికి వద్దని
ఫిషింగ్ హార్బరు దగ్గర దింపెయ్యమన్నాను.
ఐసు మర చప్పుడు. కాళ్ళ కింద పొలుసుల జిగురు.
కిటికీలో సూరాడ ఎర్రయ్య, చెవి మీద పెన్సిలు.

"ఏ బోటు?"
ఏ బోటూ కాదన్నాను. మర హోరులో వినపడలేదు.
ఇత్తడి బిళ్ళొకటి నా అరచేతిలో పడేశాడు.
పదకొండు.

పక్కకు జరిగి చూస్తూ నిలబడ్డాను.
బోటు పేరు ఒక్కసారే అడుగుతాడు.
ఆ తర్వాత ఐసుకైనా, డీజిలుకైనా, పాత బాకీ తేల్చుకోవడానికైనా
పేరుతో పనిలేదు, బిళ్ళ చూపించి మాట చెబితే చాలు.

కుర్రాడొకడు సైకిలు దిగకుండానే
"పొడి ఐసుందేటి మావా?" అన్నాడు.
"నేదు. దిమ్మలే."
సైకిలు తిప్పుకుని పోయాడు.
గొడవ లేదు. ఏదీ విరగలేదు.

క్యాబు రసీదు వెనక, తడి అంటకుండా ఎత్తిపట్టుకుని
రాసుకున్నాను:
పుట్టించు, బిళ్ళ తీసుకో.
పెట్టు.
చెప్పు.
ఉందా?

"నాలుగోది దండగ," అన్నాడు భానోజీ సాయంత్రం.
"పెట్టి చూస్తే తెలీదా, ఉందో లేదో?"
పెట్టి చూస్తే పెట్టేసినట్టే కదరా, అన్నాను.
నమలడం ఆపాడు.

ఒకటి మాత్రం తెగలేదు.
నడుస్తున్న యంత్రాన్ని నడుస్తుండగానే
ఇంకో ఇంటికి మార్చాలి, దానికి తెలియకుండా.
గంట మోగింది, ఇంకా ఎవరూ పలకలేదు.
ఆ మధ్య క్షణాన్ని ఏ సంచిలో వేసి మోసుకెళ్ళాలి?

మర్నాడు మళ్ళీ కిటికీ దగ్గరికే వెళ్ళాను.
తుపాను ఏడు రేకులన్నీ లేచిపోతే
కౌంటరు పక్క షెడ్డుకి మార్చావంటగా, ఏం పట్టుకెళ్ళావు?

ఎర్రయ్య పెన్సిలు తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.
"ఇచ్చిన ఐసు కాదమ్మా, ఇయ్యాల్సిన ఐసు.
అది ముందు రాసుకోవాల.
ఇచ్చింది ఎలాగూ కరిగిపోద్ది."

పదిహేను రోజులు కూర్చుని రాశాను.
ఇంకా పుట్టని పరికరాల కోసం ఒక గడి ఖాళీగా వదిలాను.
అందులో సున్నా తప్ప ఏం వచ్చినా
ఇవాళ్టికి తిప్పి పంపమన్నాను.
ఒకసారి బయటికి పోతే ఇక దిద్దుకోవడం ఉండదు.
ఎవడో, ఎక్కడో, నా తప్పు మీద కూడా
ఇల్లు కట్టేసుకుంటాడు.
తర్వాత ఆ తప్పును కాపాడటమే ఉద్యోగం.

భానోజీ ఆఖరి పేజీ దాకా చదివాడు.
"అన్నీ ఉన్నాయి. మూసెయ్యడం రాశావా?"
రాశాను, ఇదిగో, పని కాగానే బిళ్ళ తిరిగిచ్చెయ్యాలి, లేకపోతే...

పెన్ను కోసం బ్యాగులో చెయ్యి పెట్టాను.
చల్లగా తగిలింది.
పదకొండు.

ఐసు మర దగ్గర ఏ బోటో
ఇన్నాళ్ళుగా పది తర్వాత పన్నెండు తీసుకుంటోంది.