కాకిబంగారం

రొయ్యలకు తెల్లమచ్చ వచ్చిన ఏడు
నాకు నిద్ర పట్టేది కాదు.
వాకాడు లైబ్రరీ నించి
అట్ట చిరిగిన యుద్ధం నవల ఒకటి తెచ్చుకుని
గుంట గట్టు మీద, గుడిసెలో, లాంతరు ముందు
కొంచెం పైకే చదివేవాణ్ణి,
అవ్వ కూడా వింటుందని.

మస్తానమ్మవ్వ ఒక కన్ను మూసుకుని వినేది.
రెండోదాన్లో శుక్లం.

నవల్లో ఒక పైలెట్.
మబ్బుల్లో దారి తప్పాడు.
రెక్కకు గుండు తగిలింది,
విమానంలో రేడియో ఒక్కటే ప్రాణంతో ఉంది.
పదకొండు పేజీల పొడుగునా
వాడు ఒక్కసారి కూడా భయపడలేదు.

"రేడియోనా?" అంది అవ్వ.
"మా కాకిబంగారం దాంట్లోకే పొయ్యేదంట.
మేస్త్రీ చెప్పినాడు. మేం నమ్మలా."

సైదాపురం కాడ రేకుల షెడ్డు.
అవ్వకి పదిహేడు.
నలభైమంది ఆడోళ్ళు నేల మీద వరసగా,
ఒడిలో రాయి, చేతిలో కత్తి.
అంచున మొన దూర్చి, ఊపిరి బిగబట్టి
అంటుకుపోయిన పుటలు విడదీసినట్టు
ఒక్కో పొరా విప్పాలి.
చినిగితే కూలి కోత.
పొద్దుగూకేసరికి రెప్పల మీద మెరుపు,
పైట మీద మెరుపు,
ఉయ్యాల్లో బిడ్డ పెదాల మీద కూడా.
"రాణుల మాదిరి మెరస్తా ఇంటికి పొయ్యి
అంబలి తాగేవాళ్ళం" అని నవ్వింది,
నవ్వు దగ్గులోకి తిరిగింది,
దగ్గు చాలాసేపు ఉంది.

తాత పటాలంలో చేరి బర్మా పోయినోడు.
ఒకరోజు తపాలా ఆయన
షెడ్డు గుమ్మంలో నిలబడి అవ్వ పేరు పిలిచాడు.
నలభై కత్తులు ఆగినాయి.
ఒళ్ళో రాయి సగం విప్పి ఉంది.

"ఏం చేశావవ్వా?"
"మిగతా సగం విప్పినా.
వదిలేస్తే చెంచమ్మ లెక్కలోకి పోతది."

"ఏడవలేదా?"
"తడి చేతుల్లో పొర నిలవదు గదరా.
శనివారం ఏడ్చినా.
శనివారం సగంపూటే పని."

నేను నవల వైపు చూశాను.
అందులో పైలెట్ తల్లి ఉంది, ప్రియురాలుంది,
వాడికి కాఫీ పోసిన నర్సుకు కూడా పేరుంది.
సైదాపురం లేదు.

బయట గుంట వాసన.
గట్టు పొడుగునా తేలిన రొయ్యలు
వెన్నెల్లో తెల్లగా, మెరస్తా.
మేత కంపెనీకి రెండు లక్షల పది వేలు,
కరెంటాఫీసుకు వేరే.
"నేనిది ఎట్టా మొయ్యాలవ్వా?" అన్నాను,
పుస్తకం మూసి.

"రేపు పొద్దన్నే ఏంది పని?"
"తూము తెరిచి నీళ్ళు వదలాలి."
"ఆనెక?"
"చచ్చినయ్యి ఏరి పూడ్చాలి. సున్నం చల్లాలి."
"ఆనెక?"
"మేత కంపెనీ పెంచలరెడ్డి ముందర నిలబడాలి."
"ఆ పొర రేపటిది కాదు.
దానికి అప్పుడే కత్తి పెట్టబాక."

కాసేపాగి,
"ఇంతకీ ఆ పిలగాడు దిగినాడా?"
"ఇంకా ఇరవై పేజీలుంది."
"చదువు. వాణ్ణి పైన వదిలేసి
ఎట్టా పడుకునేది?"

ఏ పేజీలో నాకు కన్నంటుకుందో తెలియదు.
లేచేసరికి లాంతరు ఆర్పి ఉంది.
పుస్తకంలో, ఆగిన చోట,
గోరంత కాకిబంగారం రేకు,
యాభై ఏళ్ళుగా ఏ కొంగు ముడిలో దాచిందో.
దాని కింద అక్షరాలు శుభ్రంగా కనపడతున్నాయి:
పైలెట్ ఇంకా గాల్లోనే ఉన్నాడు.

తూము దగ్గర నించి,
చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి
అవ్వ కేకేస్తా ఉంది:
"లెయ్యరా, నీళ్ళు దిగతా ఉండాయి."